సీటొచ్చాక ఒక ఏడాది

(సంక్రాంతి సెలవుల్లో నెల్లూరులో ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం జరిగిన సభలో ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్ మాట్లాడిన మాటలివి. చివర్లో జరిగిన ప్రశ్నలు, జవాబులు ఇందులో చేర్చలేదు.)

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మిమ్మల్ని మాత్రం కదిలించి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. కాలేజీ వాళ్ళు పండక్కి ఇచ్చిందే మూడు రోజులు, అందులో ఒక పూట నా పాలబడింది. పిల్లలు ఇష్టపడి వచ్చారని నేనేం అనుకోవడం లేదు. ముప్పై ఏళ్ళు ఇంటర్‌కి ఫిజిక్స్ చెప్పాను. ఎవరు వచ్చారో, ఎవరిని లాక్కొచ్చారో మొహం చూస్తే తెలిసిపోతుంది. ఇంట్లో కూర చల్లారకముందే పంపించేస్తాను, కాసేపు ఓపిక పట్టండి.

నిన్న సాయంత్రం ఒకాయన ఫోన్ చేశాడు. "మేడమ్, రేపు మీరు చెప్పేది లాంగ్ టర్మ్ గురించే గదా? మావాడిని ఏ బ్రాంచిలో వెయ్యమంటారు?" అన్నాడు. కాదన్నా, గ్యాప్ ఇయర్ గురించి అన్నాను. "అదే గదా మేడమ్, ఇంగ్లీషులో" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. మన దగ్గర ఇంటర్ అయ్యాక ఏడాది ఆగాడంటే అర్థం ఒకటే, నీట్‌లో మార్కులు చాలలేదు, మళ్ళీ రాయడానికి ఏడాది కోచింగు, అదే లాంగ్ టర్మ్‌లో చేరాడు అని. ఆ మాటను కూడా రెండు రకాలుగా పలుకుతాం. పక్కింటి పిల్లవాడైతే "లాంగ్ టర్మంట" అని గొంతు తగ్గిస్తాం. మన పిల్లవాడైతే "మూడు మార్కుల్లో పోయిందండీ" అని గొంతు పెంచుతాం. (నవ్వులు)

నేను చెప్పబోయేది సీటు రాక ఆగడం గురించి కాదు, వచ్చాక ఆగడం గురించి. ఊళ్ళో ఎవరికీ రాని చోట సీటొచ్చింది, ఉత్తరం చేతిలో ఉంది. అయినా "ఈ ఏడాది రాను, వచ్చే ఏడాది వస్తాను, నా సీటు నాకు ఉంచండి" అని అడగడం. దాన్ని డిఫరల్ అంటారు. వాళ్ళు సరే అంటే, ఆ మధ్యలో ఉండే ఏడాదే గ్యాప్ ఇయర్.

"సీటొచ్చినాక పోకుండా ఉండేదేంది?" అని మీలో సగం మంది లోపల అనుకుంటున్నారు. మా ఇంట్లో మా అమ్మ కూడా సరిగ్గా ఇదే అడిగింది. ఆ కథ చెబుతాను, నన్ను పిలిచిందే దానికోసం. దానికంటే ముందు ఈ అలవాటు ఎక్కడిదో నాలుగు మాటలు.

ఇంగ్లండులో దీన్ని ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టలేదు. ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో చేరాలంటే వాళ్ళ ప్రవేశ పరీక్ష రాయాలి. అందుకోసం చాలామంది బడి చదువు పూర్తయినా ఇంకో టర్ము అక్కడే ఉండి చదివేవాళ్ళు. డిసెంబరుకల్లా అదంతా అయిపోయేది. కాలేజీ మొదలయ్యేది మళ్ళీ అక్టోబరులో. సీటుంది, చేతిలో పని లేదు, తొమ్మిది నెలలు ఖాళీ. కొందరు దుకాణాల్లో పనికి కుదిరారు, కొందరు ఊళ్ళు తిరిగారు. 1958లో వీఎస్ఓ అనే సంస్థ మొదలై, బడి దాటిన పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని ఏడాది పాటు ఆఫ్రికా, ఆసియా దేశాలకు పని మీద పంపింది. తర్వాత ఆ పరీక్ష పోయింది, అలవాటు మాత్రం ఉండిపోయింది.

అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు సీటిచ్చే ఉత్తరంలోనే "కావాలంటే ఏడాది ఆగి రండి" అని దశాబ్దాలుగా రాస్తున్నారు. ఏటా ఓ వంద మంది దాకా ఆగుతారు. 2020లో కరోనా వచ్చి క్లాసులు ఆన్‌లైన్ అయినప్పుడు, కొత్తగా సీటొచ్చిన వాళ్ళలో ఐదో వంతు మంది ఆగిపోయారు. ఒబామా పెద్ద కూతురు 2016లో ఆగి 2017లో చేరింది, మన పేపర్లలో కూడా పడింది. ప్రిన్స్టన్ వాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళి 2009 నుంచి బ్రిడ్జ్ ఇయర్ అని పెట్టారు. సీటొచ్చిన పిల్లల్లో కొందరిని ఎంచుకుని, ఫీజు లేకుండా తొమ్మిది నెలలు వేరే దేశంలో ఉంచి సేవ చేయిస్తారు. మొదట్లో వాళ్ళు ఎంచుకున్న ఊళ్ళలో మన కాశీ ఒకటి.

కాశీ అంటే గుర్తొచ్చింది. గ్యాప్ ఇయర్ మనకు లేదని ఎవరన్నారు? పెళ్ళిలో కాశీయాత్ర ఏంటి మరి? చదువైంది, సంసారం ఇంకా మొదలవలేదు, గొడుగేసుకుని చేతికర్ర పట్టుకుని కుర్రవాడు బయలుదేరతాడు. వీధి చివరికి వెళ్ళేలోపల బావమరిది వచ్చి గడ్డం పట్టుకుని, నోట్లో బెల్లం ముక్క పెట్టి వెనక్కి తీసుకొస్తాడు. మన గ్యాప్ ఇయర్ పది నిమిషాలు, అదీ ఫొటోగ్రాఫర్ తొందర పెట్టకపోతే. (నవ్వులు)

సరే, ఇప్పుడు మన దేశం సంగతి. ఇక్కడ మాత్రం పెద్దవాళ్ళు కూడా ఫోన్లు పక్కన పెట్టి వినండి. ఈ మధ్య వీడియోల్లో చూసి కొందరు పిల్లలు "ఐఐటీలో సీటొస్తే నేనూ ఏడాది ఆగుతా" అంటున్నారు. ఆగలేవు నాయనా. ఐఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగులో వచ్చిన సీటు ఆ ఏడాదిదే, ర్యాంకు కూడా ఆ ఏడాదిదే. ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయగలిగేది వరసగా రెండేళ్ళలో రెండుసార్లు. ఐఐటీలో చేరి మానేస్తే ఆ రెండో అవకాశం కూడా ఉండదు. 2024 నవంబరు 5న మూడుసార్లు రాయొచ్చని ప్రకటించారు. అదే నెల 18న కాదు, రెండే అన్నారు. ఆ పదమూడు రోజుల్లో ఆ మాట నమ్మి, చేరిన కాలేజీలు మానేసిన పిల్లలున్నారు. వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2025 జనవరిలో ఊరట తెచ్చుకోవాల్సి వచ్చింది. సీటు ఎవరి చేతిలో ఉందో చూసుకోకుండా అడుగు తీస్తే ఇలా ఉంటుంది. కాబట్టి ఐఐటీలో సీటొస్తే వెళ్ళి చేరండి. చేరాక ఆరోగ్యం బాగాలేకపోయినా, మరీ అలసిపోయినా ఒక సెమిస్టరు సెలవు అడిగే దారి ఉంటుంది. అది వేరే విషయం.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. ఐఐటీల్లో కూడా ఒక రకం ఏడాది ఉంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థుల కోసం ఉంచిన సీట్లు మిగిలితే, కొద్దిలో తప్పిపోయిన వాళ్ళను ఏడాదిపాటు ప్రిపరేటరీ కోర్సులో చేర్చుకుంటారు. అది పాసైతే మరుసటేడు అడ్వాన్స్‌డ్ మళ్ళీ రాయక్కర్లేకుండానే బీటెక్‌లోకి వెళ్ళొచ్చు. నా దగ్గర చదివిన ఒకమ్మాయికి అలా వచ్చింది. వాళ్ళ నాన్న ఉదయగిరి దగ్గర కొయ్య స్పూన్లు చెక్కే పనిచేసేవాడు. కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చి "ఏడాది ఎక్కువ చదవాలంటమ్మా, ఫెయిలైనట్టా?" అని అడిగాడు. కాదయ్యా, సీటు పక్కన పెట్టి నీ కూతురికి ఏడాది టైమిచ్చారు అని చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన నమ్మింది నా మాట వల్ల కాదు. హాస్టల్ రూము నంబరు రాసున్న కాగితం చూసి నమ్మాడు.

నీట్ కథ దీనికి తిరగబడి ఉంటుంది. ఎన్నిసార్లయినా రాయొచ్చు. పై వయసు పరిమితి కూడా 2022లో తీసేశారు. 2024లో రాసినవాళ్ళు 23 లక్షల మందికి పైనే, ఎంబీబీఎస్ సీట్లు లక్షా చిల్లర. ఎన్నిసార్లయినా రాయొచ్చు గనకే లాంగ్ టర్మ్‌కు అంతు లేకుండా పోయింది. ఒకటో ఏడు, రెండో ఏడు, మూడో ఏడు...

దీని గురించి నేను పైనుంచి మాట్లాడలేను. మా అబ్బాయిని నేనే వేశాను. అప్పటికింకా ఎంసెట్ రోజులు. మొదటిసారి ర్యాంకు రాలేదు. వాడు "అమ్మా, అగ్రికల్చర్‌లో చేరతా" అన్నాడు. లెక్చరర్ కొడుకు, నలుగురూ ఏమనుకుంటారు అని నేనే ఒక హాస్టల్లో చేర్చాను. పేరెందుకులెండి. పొద్దున ఐదింటికి లేపితే రాత్రి పదిన్నర దాకా కుర్చీలోనే. ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద మార్కులు. నెలకోసారి వెళ్ళేదాన్ని. క్యారియరులో చేపల పులుసు పట్టుకుపోయి, వాడు తింటుంటే పక్కన కూర్చుని అడిగేదాన్ని, ఈ వారం బోటనీలో ఎంత, జువాలజీలో ఎంత అని. ముల్లు తీసుకుంటూ చెప్పేవాడు. ఏడాదంతా వాడితో నేను మాట్లాడింది అంతే.

రెండోసారీ ఎంబీబీఎస్ రాలేదు. అదే అగ్రికల్చర్ బీఎస్సీలో చేరాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. రెండు మూడేళ్ళ కిందట ఏదో మాటల్లో ఆ హాస్టల్ రోజులు ఎత్తితే, "ఆ ఏడాదిలో నాకు ఒక్కటీ గుర్తులేదమ్మా, నీ చేపల పులుసు తప్ప" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కాబట్టి మా చెల్లెలి కూతురి విషయంలో నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదనుకోండి.

చెల్లెలు వాళ్ళది అల్లూరు వైపు. మా మరిది రొయ్యల గుంటలు చేస్తాడు, సొంతవి కొన్ని, లీజువి కొన్ని. ఆ పిల్ల ఇంటర్ రెండో ఏడులో ఉండగానే ఇక్కడి పరీక్షలు చదువుకుంటూ అమెరికా యూనివర్సిటీలకు అప్లై చేసింది. 2024 మార్చిలో ఒక పెద్ద చోట సీటొచ్చింది. ఖర్చు చాలావరకు వాళ్ళే భరిస్తామన్నారు. యూనివర్సిటీ పేరు చెప్పను. చెబితే ఇంటికి పోయేసరికి మీకు పేరొక్కటే గుర్తుంటుంది. ఇల్లంతా పండగ. వారం తర్వాత ఆ పిల్ల "నేను ఈ ఏడాది పోను, వచ్చే ఏడాది పోతా" అంది.

మా అమ్మకు ఎనభై దాటాయి. "సీటొచ్చినాక పోకుండా ఉండేదేందిమే? గమ్మున ఇంట్లో కూర్చుంటావా?" అంది. చుట్టాలు ఆ మాత్రం కూడా నేరుగా అడగలేదు. సీటు రాలేదు, వచ్చిందని చెప్పుకుంటున్నారు అన్నది ఒక మాట. వీసా రాలేదన్నది ఇంకో మాట. పెళ్ళి కుదిరిందేమోనని మూడోది. నేను పెద్దమ్మను, పైగా లెక్చరర్ని. గంట సేపు క్లాసు పీకాను. "ఇంకో ఏడాది పోతే అక్కడ నీకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవాలి" అన్నాను. "పెద్దమ్మా, నేను ఆరో క్లాసు నుంచి ఒలింపియాడ్ క్లాసులకు పోతున్నా. నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు పోతే అక్కడ కూడా ఇట్టాగే చదువుతా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒప్పుకున్నది మా మరిది. ఆయన పెద్దగా చదువుకోలేదు. "పంట పంటకీ గుంట ఎండగట్టాల. అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండాల. ఎండకుండా నీళ్ళు పెట్టి సీడేస్తే రోగమొస్తది. బిడ్డ కూడా అంతే గదొదినా" అన్నాడు. బానే ఉంది గానీ, ఇలాంటి పోలికల మీద నాకు నమ్మకం తక్కువ. ఎండబెట్టి వదిలేసిన గుంటలో రెండేళ్ళకు సీమతుమ్మ లేస్తుంది, ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. అదే అడిగితే "వదిలేస్తే గదా" అన్నాడు.

ఇక ఆ ఏడాది ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి రెండు నెలలు నిద్రపోయింది. అవును, నిద్రే. పగలు పన్నెండింటికి లేచి, తిని, మళ్ళీ పడుకునేది. మా చెల్లెలు రోజూ నాకు ఫోన్ చేసి ఏడ్చేది. చేస్తానని యూనివర్సిటీకి రాసిన పనుల్లో పులికాట్ పక్షుల గురించి పుస్తకం రాయడం ఒకటి. ఒక్క పేజీ రాయలేదు. స్పానిష్ నేర్చుకుంటానంది, రెండు వారాల్లో మానేసింది.

మూడో నెలలో వాళ్ళ నాన్న రాత్రి కాపలాకు తోడు రమ్మన్నాడు. రొయ్యల గుంట దగ్గర అసలు పని రాత్రే. పగలు ఎండ ఉంటే నీళ్ళలోని పచ్చటి ఆల్గే ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే తయారీ ఆగిపోతుంది. ఆల్గే, రొయ్యలు, అడుగున ఉన్న బురద, అన్నీ కలిసి ఉన్నదాన్నే వాడుకుంటాయి. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కిందికి దిగిందంటే రైతుకు గుండె దడ. అందుకే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతుండాలి. కరెంటు పోతే వెంటనే జనరేటరు వేయాలి. ఈ పిల్ల ఇంటర్‌లో ఇవన్నీ చదివింది, కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, హెన్రీ నియమం. వందకు వంద తెచ్చుకుంది. ఒకరోజు రాత్రి మూడున్నరకు కరెంటు పోయి, జనరేటరు స్టార్ట్ కాక, వాళ్ళ నాన్న లుంగీ ఎగగట్టుకుని చీకట్లో గట్టు మీద పరిగెత్తుతుంటే, చేతిలో మీటరు పట్టుకుని ఐదు నిమిషాలకోసారి అంకె చదివిందట. నాలుగున్నర, నాలుగూ రెండు, మూడూ తొమ్మిది... "పెద్దమ్మా, అంకె తగ్గుతుంటే చేతులు వణికినాయి. పరీక్షల్లో ఎప్పుడూ అట్టా కాలేదు" అని చెప్పింది. పక్క గుంటల వాళ్ళు జనరేటరు తెచ్చి ఆదుకున్నారు.

ఆ తర్వాత లెక్కల పుస్తకం తన చేతికి తీసుకుంది. మేత అప్పు, సీడ్ ఖర్చు, డీజిలు, కరెంటు బిల్లు. రొయ్యను కౌంట్ లెక్కన కొంటారు గదా, కిలోకు ముప్పై తూగితే ఒక ధర, వంద తూగితే ఇంకో ధర. ఇంకో పదిరోజులు ఉంచితే సైజు పెరుగుతుంది, ఈలోపల రోగమొస్తే మొత్తం పోతుంది. ఉంచాలా, పట్టేయాలా? చలికాలం పంటలో ఒక గుంటకు వైట్ స్పాట్ రోగం తగిలింది. ఉన్నదున్నట్టు పట్టేసి వచ్చిన ధరకు అమ్మారు. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడంట, తినలేదంట. నన్ను ఇన్నేళ్ళు చదివించిన డబ్బు ఎక్కడిదో ఆ రోజు తెలిసింది అని ఆ పిల్ల అనలేదు. అంటుందని నేను ఎదురుచూశాను. "పెద్దమ్మా, నాన్న మేత రేటు మీద బేరమాడడు, అప్పు మీద తెస్తాడు గనక. అందుకే నష్టం" అంది. నాకది ఇంకా నచ్చింది.

మిగిలిన నెలల్లో ఊళ్ళోని జిల్లా పరిషత్ హైస్కూల్లో టెన్త్ పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పింది. దాని గురించి ఎక్కువ చెప్పను. వాళ్ళు బాగా చదివారా అంటే, ఇద్దరు ముగ్గురు చదివారు.

ఇప్పుడు పని మాటలు. విదేశంలో సీటొచ్చి ఆగాలనుకునే వాళ్ళు మీలో ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ళ కోసం. ముందు సీటు ఒప్పుకోవాలి. అమెరికాలో మామూలుగా మే 1 గడువు. ఒప్పుకున్నామని చెప్పి, డిపాజిట్ అడిగితే కట్టి, ఆ తర్వాతే డిఫరల్ అడగాలి. ఒప్పుకోకుండా ఆగితే అది డిఫరల్ కాదు, సీటు వదులుకోవడం. ఎందుకు ఆగుతున్నారో, ఏం చేస్తారో ఒక పేజీ ఉత్తరం రాయాలి. గొప్పలొద్దు. మా పిల్ల పక్షుల పుస్తకం అని రాసింది, ఏమైందో విన్నారుగా. ఆ ఏడాదిలో ఇంకో యూనివర్సిటీలో డిగ్రీ కోర్సులో చేరకూడదు, వేరేచోట సీటుకు ప్రయత్నించకూడదు అని షరతు పెడతారు. లాంగ్ టర్మ్ ఒక చేత్తో, అమెరికా సీటు ఒక చేత్తో అంటే కుదరదు. అందరూ ఒప్పుకోవాలని కూడా లేదు, కొన్నిచోట్ల కాదంటారు. కాదంటే వెళ్ళి చేరడమే.

డబ్బు సంగతి అన్నిటికంటే ముఖ్యం. స్కాలర్‌షిప్ ఏడాది తర్వాత కూడా అలాగే ఉంటుందని మీరు అనుకోవద్దు, వాళ్ళ చేత ఈమెయిల్లో రాయించుకోండి. కొన్నిచోట్ల ఆ కాగితాలన్నీ మళ్ళీ పంపమంటారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్టన్, ఎంఐటీ లాంటి కొద్ది చోట్ల విదేశీ పిల్లలకు కూడా, కట్టగలరా లేదా అన్నది చూడకుండా సీటిచ్చి, అవసరాన్ని బట్టి సాయం చేస్తారు. చాలాచోట్ల అలా కాదు. వీసాకు కావాల్సిన ఐ-20 కాగితం కూడా కొత్త తేదీతో రావాలి. తొందరపడి పాత తేదీ కాగితంతో వీసా పనులు మొదలుపెట్టొద్దు.

లెక్కల్లో పెద్ద చదువులకు వెళ్ళే పిల్లలకు ఒక హెచ్చరిక. ఏడాది ఆగితే చెయ్యి తప్పుతుందని, గణితం వాళ్ళు ఆగకపోవడమే మేలని కేంబ్రిడ్జిలోనే చెబుతారు. నిజమే. మా పిల్ల కూడా వెళ్ళే ముందు రెండు నెలలు ఇంటెగ్రేషన్ మళ్ళీ మొదట్నుంచి చేసుకుంది, పక్కన నేను కూర్చున్నాను.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు... ఉద్యోగాలప్పుడు గ్యాప్ ఉంటే ఒప్పుకోరు గదా అని. కొన్ని కంపెనీలు చదువులో మొత్తం రెండేళ్ళకు మించి గ్యాప్ ఉండకూడదని రాస్తాయి. ఒక ఏడాదికి మామూలుగా ఇబ్బంది రాదు. మన కాలేజీల్లో కొన్నిచోట్ల నోటరీ చేయించిన గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు, అంతే. కానీ "ఆ ఏడాది ఏం చేశావు" అని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. మా అబ్బాయిని అడిగితే చేపల పులుసు అనాలి. (నవ్వులు)

సింగపూర్‌లో మగపిల్లలు బడి అయ్యాక రెండేళ్ళు సైన్యంలో చేయాలి. అక్కడి యూనివర్సిటీలు ఆ రెండేళ్ళూ వాళ్ళ సీటు అట్టే ఉంచుతాయి. అక్కడ ఏ తల్లీ ఏడాది పోయిందని ఏడవదు, అందరికీ పోతుంది గనక. మనకు ఏడుపు ఎక్కడొస్తుందంటే, పక్కింటి వాడికి పోకుండా మనవాడికే పోతే.

వయసు మాటకొస్తే ఒంగోలు మనిషినే చెప్పుకోవచ్చు. టంగుటూరి ప్రకాశం గారు చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచింది. ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరై రాజమండ్రిలో ఏళ్ళ తరబడి ప్రాక్టీసు చేసి, 1904లో బారిస్టరు చదవడానికి లండన్ పోయారు. పుట్టింది 1872లో, లెక్కేసుకోండి. కోర్టులో అన్నేళ్ళు నిలబడి వాదించి వచ్చిన మనిషి క్లాసులో కూర్చుని పాఠం విన్నప్పుడు ఏమనిపించి ఉంటుందా అని నాకు ఎప్పుడూ కుతూహలం.

టైమైపోయింది, ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

మన స్వర్ణాల చెరువు, బారాషహీద్ దర్గా, రొట్టెల పండగ, మీకు నేను చెప్పేదేముంది. కోరిక ఉన్నవాళ్ళు తీరినవాళ్ళ దగ్గర రొట్టె తీసుకుని తింటారు. తీరాక మళ్ళీ పండక్కి వచ్చి రొట్టె పంచుతారు. 2023లో మా చెల్లెలు ఆ పిల్లను తీసుకెళ్ళి చదువు రొట్టె తినిపించింది. 2024 జులైలో పండగొచ్చింది. చెల్లెలు రొట్టెలు కాల్చింది, సీటొచ్చింది గదా ఇచ్చేద్దామని. మా అమ్మ పడనివ్వలేదు. "చేరినాక గదా తీరినట్టు? చేరకుండా రొట్టె ఎట్టా ఇస్తావు?" అంది. ఉత్తరం వచ్చిన రోజే తీరింది అంటుంది చెల్లెలు. పిల్లేమో "నాకు ఇంకా తీరలేదు" అంది. కాల్చిన రొట్టెలు ఆ రాత్రి మేమే పప్పుతో తిన్నాం.

2025 జులైలో మళ్ళీ పోయాం. ఇంకో నెలలో ప్రయాణం, టికెట్ తీసి ఉంది, ఇక మా అమ్మ కూడా ఒప్పుకుంది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తలమీద కొంగు కప్పుకుని "చదువు రొట్టె, చదువు రొట్టె" అని ఆ పిల్ల పిలుస్తుంటే ఒకామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కోవూరు వాళ్ళంట. పిల్లవాడికి పద్దెనిమిది ఉంటాయి, వారం కిందటే లాంగ్ టర్మ్‌లో చేరాడట. రొట్టె అందుకోబోతూ ఆమె అడిగింది, "నీకు ఎన్నాళ్ళకు తీరిందమ్మా?" అని.

"రెండేళ్ళకు పిన్నీ" అంది మా పిల్ల.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏడాదిలో తీరిన వాళ్ళెవరన్నా ఉంటే చూపించు తల్లీ" అంది. అటూ ఇటూ చూస్తోంది. ఈలోపల ఆ అబ్బాయి మా పిల్ల చేతిలోంచి రొట్టె తీసుకుని, సగం తుంచి నోట్లో పెట్టుకున్నాడు.